రాయి సున్నమై, సున్నం మళ్ళీ రాయైన రోజులు

జమ్మలమడుగు పక్క పల్లెలో ఒక పాత గుడి ప్రహరీకి ఈమధ్య మరమ్మతు మొదలుపెట్టారు. సిమెంటు వద్దనుకున్నారు. గుంత తవ్వి, అడుగున బండలు పరిచి, నీళ్ళు నింపి రాళ్ళ సున్నం వేశారు. బుసబుసమంటూ ఆవిరి లేచింది. దాంతోపాటు లేచిన వాసన చాలా ఏండ్లుగా ముక్కుకు తగలనిది. తొలివాన తడిపిన మట్టి వాసన కాదు, అంతకంటే ఘాటు. ముక్కులోని తడినంతా పీల్చేసి కాస్త మండిస్తుంది, నాలుక మీద సన్నని చేదు వదిలిపోతుంది. ఒకప్పుడు ఆ వాసన వచ్చిందంటే ఊళ్ళో ఎవరో ఇల్లు కడుతున్నారని అర్థం, లేదంటే పండగ దగ్గరపడిందని.

కడప జిల్లా పడమటి వైపు, ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు మీదుగా అటు కొలిమిగుండ్ల దాకా, కాలు పెట్టిన చోటల్లా సున్నపురాయే. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతపు రాతి పొరల గురించి రాసినప్పుడు ఒక పొరల వర్గానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. ఇలాంటి నేల మీద పెరిగిన పిల్లలకు పదార్థం మారడమంటే ఏమిటో పుస్తకం తెరవకముందే తెలిసేది. ఏ మార్పు వెనక్కి వస్తుందో, ఏది రాదో చేతి బరువుతో, చెవితో, ముక్కుతో పసిగట్టే పెద్దవాళ్ళ మధ్య పెరిగేవాళ్ళు.

బండ పలికే పలుకు

బండల గనుల్లో పొద్దున్నే వినిపించేది ఉలి చప్పుడు. ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర ఎక్కడుందో చూసుకుని వరసగా ఉలులు దించి, సమ్మెటతో ఒక్కోదాని మీద కొద్దికొద్దిగా దెబ్బ వేస్తూ పోతే, ఒక దెబ్బకు పొర మొత్తం లేచి వస్తుంది. తొందరపడి ఒకే ఉలి మీద బలమంతా పెడితే బండ అడ్డంగా విరుగుతుంది. లేచిన బండను నిలబెట్టి సుత్తితో తట్టేవాళ్ళు. ఖంగుమంటే మంచిది. బొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు, అది నేల మీదికి పనికిరాదు, బట్టీకి పోవాల్సిందే.

అది నిజంగా సున్నపురాయేనా అని అనుమానం వస్తే గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండేవాళ్ళు. సన్నగా బుడగలు వస్తే అవును. రాతి మీద నేరుగా పిండితే ఆ నురగ కంటికి ఆనకపోవచ్చు. పొడి అయితే పులుసుకు తగిలే చోటు ఎక్కువ, అందుకే గీకేది. వంటింట్లో నల్ల కడప బండ పరుచుకున్న ఇల్లాళ్ళకు ఈ సంగతి వేరే తీరున తెలుసు. చింతపులుసు ఒలికి రాత్రంతా ఉంటే తెల్లారేసరికి అక్కడ నిగారింపు పోయి తెల్లటి మచ్చ పడేది. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మరక కాదు. పులుసులోని ఆమ్లం రాతి పై పొరను తినేసింది. దాన్ని మళ్ళీ సానపట్టించడం తప్ప దారి లేదు.

అనంతపురం వైపు కొండరాతి (గ్రానైట్) పని చూసినవాళ్ళకు ఇంకో చిత్రం గుర్తుంటుంది. పెద్ద గుండు మీద కట్టెలు పేర్చి, మెల్లగా మంటను ముందుకు జరుపుతూ పోయేవాళ్ళు. పైపొర వేడికి వ్యాకోచించి, కింద చల్లగా ఉన్న రాతి నుంచి విడిపోయేది. మధ్యమధ్య తట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు ఎంత దూరం వినిపిస్తే అంత దూరం పొర లేచినట్టు. మంట ఒకేచోట ఎక్కువసేపు నిలిపితే రాయి పెచ్చులుగా చిట్లి పాడవుతుంది. అంత మంట చూశాక కూడా ఆ రాయి రాయే. రోటికో, స్తంభానికో మలుచుకోవచ్చు. సున్నపురాయిని అంతకంటే పెద్ద మంటలో, అంతకంటే ఎక్కువసేపు ఉంచితే బయటికి వచ్చేది రాయి కాదు. నిప్పు ఒకటే. కొండరాతి దగ్గర అది చేసింది ఆకారంలో మార్పు, ఇక్కడ చేసింది పదార్థంలోనే మార్పు. ఈ రెంటికీ తేడా ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు ఇప్పటిదాకా కనపడలేదు.

బట్టీ

బట్టీలు ఊరికి గాలి దిగువన ఉండేవి. గుండ్రంగా, మనిషికి ఒకటిన్నర రెట్ల ఎత్తున రాతి గోడ, లోపల మట్టి పూత, అడుగున గాలి పోవడానికి రెండు మూడు కంతలు. పేర్చడంలోనే సగం పని ఉంది. అడుగున తుమ్మ మొద్దులు, వాటి మీద జానెడు మందాన రాయి, ఆపైన నాలుగు వేళ్ళ మందాన బొగ్గు, మళ్ళీ రాయి. ఆవిరి రైలింజన్లు తిరిగిన కాలంలో వాటినుంచి తీసిపారేసిన అరకాలిన బొగ్గు చౌకగా దొరికేది. ఆ ఇంజన్లు పోయాక అదీ పోయింది, కంపచెట్ల మొద్దులే దిక్కయ్యాయి.

రాళ్ళు టెంకాయంత సైజులో కొట్టుకోవాలి. పెద్దవి వేస్తే పైన కాలి నడిమధ్య పచ్చిగా మిగులుతాయి. మరీ చిన్నవి, పొడి కలిసినవి వేస్తే సందులు మూసుకుపోయి గాలి ఆడదు, మంట పైకి పాకదు. అందుకే జల్లెడ పట్టిన రాయినే పేర్చేవాళ్ళు.

ముట్టించాక మూడు పగళ్ళు, మూడు రాత్రులు కాలేది. తొలిరోజు పొగ తెల్లగా, తడిగా వస్తుంది, అది రాతిలోని చెమ్మ. తర్వాత పొగ పలచబడుతుంది. రాత్రిపూట కంత దగ్గర వంగి లోపలి రంగు చూసేవాళ్ళు. ఎరుపు దాటి నారింజ రంగులోకి వస్తే దారిలో ఉన్నట్టు, అది సుమారు 900 డిగ్రీల సెల్సియస్. రాయి విడిపోయేది ఆ వేడికే. కాల్షియం కార్బనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. రంగు నారింజ దాటి పసుపులోకి పోతే కంతలకు మట్టి పెట్టి గాలి తగ్గించేవాళ్ళు. మాడిన సున్నం బిగుసుకుపోతుంది, నీళ్ళు పోసినా సరిగా పగలదు.

"రేయ్, చలేస్తాందని బట్టీ కాడ పండుకోవాకండ్రా" అని పెద్దవాళ్ళు పదే పదే చెప్పేవాళ్ళు. ఆ వెచ్చదనానికి ఆశపడి దగ్గర్లో నిద్రపోతే ప్రమాదమే. రాతినుంచి వెళ్ళే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, గాలి ఆడని రాత్రి పల్లంలో చేరుతుంది. బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. ఆ పేర్లు తెలియకపోయినా పడుకునే మంచం గాలి ఎగువన, మిట్ట మీద వేసుకునేవాళ్ళు.

చల్లారాక బట్టీ విప్పడం చూడ్డానికి పిల్లలు మూగేవాళ్ళు. లోపలికి పోయింది నల్లటి, బూడిదరంగు రాయి. వచ్చేది తెల్లటిది. ఆ నలుపు రాతిలో చిక్కుకున్న కర్బనం, అది మంటలో కాలిపోయింది. రాయి ఆకారం దాదాపు అలాగే ఉంటుంది, ఎత్తి చూస్తే మాత్రం చెయ్యి ఒక్కసారి పైకి లేస్తుంది, అంత తేలిక. లెక్కకు 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలితే 56 కిలోలే మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలిసిపోయినట్టు. బట్టీ దగ్గర ఏరేవాళ్ళకు తక్కెడ అక్కర్లేదు. గంపలో ఏ గడ్డ చేతికి బరువుగా తగిలితే దాన్ని "లోపల పచ్చి ఉండాది" అని పక్కకు విసిరేవాళ్ళు. పగలగొడితే నడుమ గట్టిగా రాయి కనిపించేది.

కాలిన సున్నాన్ని ఎక్కువ రోజులు ఉంచకూడదు. గాలిలో చెమ్మ తగిలితే చాలు గడ్డ తనంతట తానే పొడిగా రాలుతుంది, మూట ఉబ్బి పగులుతుంది. వానాకాలం బండ్ల మీద తోలేటప్పుడు అసలు భయం వేరే. గడ్డితో కప్పిన సున్నం బండి మీద వాన పడితే గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళు పడి నిప్పు లేవడమంటే వినేవాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు కానీ, ఒక కిలో మంచి సున్నం నీళ్ళతో కలిసి విడిచే వేడి లెక్క ప్రకారం మూడున్నర లీటర్ల నీళ్ళను మరిగే దాకా తీసుకుపోతుంది.

గుంతలో ఉడుకు

సున్నం నానబెట్టే గుంత దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. "పోవాకండి నాయనా, కండ్లు పోతాయి" అని అవ్వలు కేకలేసేవాళ్ళు. అది ఊరికే బెదిరించడం కాదు. చిందిన సున్నపు బొట్టు కంట్లో పడితే చూపే పోవచ్చు. పడితే చేయాల్సింది ఒక్కటే, వెంటనే మంచినీళ్ళు ధారగా పోస్తూ కనీసం పావుగంట ఆపకుండా కడగడం, ఆపైన డాక్టరు. నూనెలూ పాలూ పెడుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది.

ముందు నీళ్ళు, తర్వాత సున్నం. ఈ వరస తప్పకూడదు. పొడి గడ్డల మీద చెంబెడు నీళ్ళు చల్లి వదిలేస్తే నీళ్ళన్నీ ఆవిరైపోయి సున్నం మాడుతుంది, గరుకు గరుకుగా మిగులుతుంది. అట్లని మెల్లగా పగిలే సున్నాన్ని ఒకేసారి చన్నీళ్ళలో ముంచేసినా వేడి ఎక్కక ఉడుకు ఆగిపోతుంది. మనిషి పొడుగు కర్రతో కలుపుతూ, ఉడుకు చూసి నీళ్ళు వదులుతూ ఉండాలి. గడ్డలు చిటచిటమని పగలడం, తర్వాత గబగబమని మరగడం, చివరికి బొడబొడమని ఒక్కో బుడగ లేచి అణిగిపోవడం, ఈ మూడు చప్పుళ్ళు వింటే గుంత వైపు చూడకుండానే పని ఎక్కడికొచ్చిందో చెప్పొచ్చు.

ఆ సున్నపు పాలను జల్లెడలో వడకట్టి ఇంకో గుంతలోకి వదిలి, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు ఎప్పుడూ నిలిచేటట్టు చూసేవాళ్ళు. నీళ్ళ కింద ఉన్నంతకాలం గాలి తగలదు, సున్నం గట్టిపడదు. పూతకు కనీసం పదిహేను రోజులు, గచ్చుకు (సున్నం, ఇసుక కలిపి నూరిన ముద్దకు) నెలల తరబడి నానిందైతే మేలు. ఎందుకంటే మాడిన రవ్వలు ఆలస్యంగా పగులుతాయి. అవి గుంతలో పగిలితే ఎవరికీ నష్టం లేదు. గోడ మీద పూసిన తర్వాత పగిలితే ఉబ్బి పూతను నెట్టుకుని బయటికి వస్తాయి, గోడంతా శనగగింజంత గుంటలు పడతాయి. కొత్త ఇంటి గోడకు మూడో నెల్లో ఆ గుంటలు కనపడితే, సున్నం తొందరపడి వాడినట్టే.

గానుగ తిరిగే చప్పుడు

గచ్చు గానుగ ఇప్పుడు ఎక్కడన్నా ఉందేమో కానీ నా కంటికి పడలేదు. నేలలో గుండ్రంగా రాతి కాలువ, అందులో నిలువుగా తిరిగే రాతి చక్రం, దాన్ని లాగుతూ ఒక జత ఎద్దులు. ఒక పాలు సున్నం, రెండు పాళ్ళు ఇసుక, మధ్యాహ్నం దాకా తిరిగేది. నూరడం వల్ల జరిగేది భౌతికమైన పనే. రవ్వలు నలిగి, ప్రతి ఇసుక రేణువు చుట్టూ సున్నం పలచగా అంటుకుంటుంది. చేత్తో కలిపితే ఆ అంటుకోవడం రాదు. పార వెనక్కి తిప్పినా గచ్చు జారకుండా ఉంటే నలిగినట్టు లెక్క.

నీటి తొట్లకు, మిద్దె పైకప్పులకు ఇటుక పొడి కలిపేవాళ్ళు. దాన్ని కలిపితే గాలి అందని చోట, తడిలో కూడా గట్టిపడుతుంది. మామూలు సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఇటుక పొడిలోని కాలిన మట్టి మాత్రం సున్నంతో నేరుగా కలిసి వేరే గట్టి పదార్థం అవుతుంది. ఇటుక బాగా మాడినదైతే ఈ గుణం తగ్గుతుంది, కాస్త తక్కువ కాలిన ఎర్ర ఇటుకే దంచాలి.

పక్కనే కుండల్లో కరక్కాయలు నానుతూ ఉండేవి, వగరు వాసన. ఇంకో కుండలో బెల్లం నీళ్ళు. బెల్లం నీళ్ళలో సున్నం మామూలు నీళ్ళకంటే బాగా ఎక్కువగా కరుగుతుంది, గచ్చు మెత్తగా సాగుతుంది, మెల్లగా బిగుస్తుంది. ఎక్కువ పోస్తే అసలు బిగుసుకోక చీమలు పడతాయి. చివరి పూతను ఏటి గులకరాయితో గంటల తరబడి రుద్దేవాళ్ళు. ఆ నునుపు మీద ఎండాకాలం మధ్యాహ్నాలు చాప లేకుండా పడుకుంటే ఒళ్ళంతా చల్లబడేది.

పీర్ల చావిడి నుంచి ఇంటి గడప దాకా

వెల్ల వేసే రోజులు మూడు. సంక్రాంతికి ఇళ్ళకు, ఉగాదికి మళ్ళీ ఒకసారి వీలున్నవాళ్ళు, పీర్ల పండగకు చావిడికి. ఈత మట్ట మొదలు దంచి చేసిన కుంచె, మట్టి తొట్టి, పలచటి సున్నపు నీళ్ళు. అందులో గుప్పెడు ఉప్పు, తుమ్మజిగురు నీళ్ళో బియ్యపు గంజో, పైన కాస్త నీలిమందు.

మొదటిసారి వెల్ల వేసేవాళ్ళు కంగారుపడేవాళ్ళు, పూసినప్పుడు గోడ తెల్లబడదు. తడిగా ఉన్నంతసేపు కింద గోడ కనిపిస్తూనే ఉంటుంది. ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. రేణువుల మధ్య నీళ్ళున్నప్పుడు వెలుతురు లోపలికి దూరిపోతుంది, నీళ్ళు పోయి గాలి చేరాక వెనక్కి చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అంతవరకు భౌతిక మార్పే. అది తెలియక చిక్కగా పూస్తే నెల తిరక్కుండా పెచ్చులు లేస్తాయి. పలచగా రెండు మూడు సార్లు వేయాలి, ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఒక రోజు ఆగాలి.

అసలు గట్టిపడటం ఆ తర్వాత మొదలవుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని సున్నం తిరిగి కాల్షియం కార్బనేట్ అవుతుంది, అంటే బట్టీలోకి పోకముందు ఏ రాయో అదే. కానీ దీనికి చెమ్మ ఉండాలి. మన సీమ ఎండకు పూత గంటలో ఎండిపోతే ఆ మార్పు జరిగే వీలే ఉండదు. అలాంటి గోడకు ఆనుకుంటే చొక్కా వీపంతా తెల్లగా అయ్యేది. అందుకే తెలిసినవాళ్ళు ముందు గోడను తడిపి, సాయంత్రం నీడపడ్డాక పూసి, మర్నాడు మళ్ళీ నీళ్ళు చిలకరించేవాళ్ళు. ఉప్పు వేసేదీ ఇందుకే, గాలిలోని తేమను లాగి పూతను కొంతసేపు తడిగా ఉంచుతుంది.

గడప పక్కన, అరుగు అంచున ఎర్రటి జాజు పట్టీ ఉండేది. జాజు అంటే ఇనుము తుప్పుతో వచ్చిన ఎర్రమన్నే, అది ఇంక మారడానికి ఏమీ మిగల్లేదు. నీళ్ళలో కలిపి పూస్తే నీళ్ళు ఎండి మన్ను మిగులుతుంది, ఒక వానకు కొట్టుకుపోతుంది. అదే జాజును సున్నపు నీళ్ళలో కలిపితే సున్నం రాయిగా మారుతూ ఆ ఎరుపును తనలో బిగించుకుంటుంది. రంగు కాస్త పాలిపోయినా ఏడాది నిలిచేది.

ఇంటి పైన కథ దీనికి పూర్తిగా ఎదురు. సీమ మిద్దెలకు పైన చౌడుమన్ను పోసేవాళ్ళు, తొలకరికి ముందు ప్రతి ఏటా. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి, ఉబ్బి సందులన్నీ మూసేస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. కాల్షియం చేసేది దీనికి తిరగేసిన పని, రేణువులను గుంపులుగా చేర్చి సందులు తెరుస్తుంది. చౌడు పట్టిన చేనికి రైతులు జిప్సం వేసేది ఆ సందులు తెరవడానికే. అందుకే చౌడు మిద్దె మీద సున్నం కుమ్మరించకూడదు.

బొప్పాయి కాడ

బడిలో భౌతిక మార్పులు, రసాయన మార్పులు పాఠం వచ్చినప్పుడు అయ్యవారు పరికరాలు లేవని ఆపలేదు. సీసాలో చెంచాడు తడి సున్నం వేసి, నీళ్ళు నింపి బాగా కుదిపి రాత్రంతా కదలకుండా పెట్టించేవారు. తెల్లారి పైన తేరిన నీళ్ళు వంచితే అదే సున్నపు తేట. లీటరు నీళ్ళలో కరిగే సున్నం రెండు గ్రాములు కూడా ఉండదు. పైగా చక్కెరలా కాదు, నీళ్ళు వేడయ్యేకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే చల్లటి నీళ్ళతోనే చేయాలి.

బొప్పాయి ఆకు కాడ అందులో పెట్టి మెల్లగా ఊదితే తేట పాలలా మారేది. పిల్లలందరూ అక్కడితో ఆపేవాళ్ళు. అయ్యవారు "ఆపాకండి, ఊదండి" అనేవారు. ఊదగా ఊదగా ఆ తెలుపు మెల్లగా కొంత పలచబడేది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ మొదట సున్నాన్ని కరగని కార్బనేట్‌గా మార్చింది, ఇంకా ఎక్కువైతే ఆ కార్బనేట్‌లో కొంతను కరిగే బైకార్బనేట్‌గా మార్చింది. ఆ నీళ్ళను వేడి చేస్తే అలా కరిగింది తిరిగి తెల్లగా బయటపడుతుంది.

కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు ఏర్పడింది ఈ దారినే. వాన నీళ్ళు మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని రాతిలోకి దిగి, దాన్ని బైకార్బనేట్‌గా కరిగించి మోసుకుపోయాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, 1980ల మొదట్లో జర్మనీ బృందం లోపల కొలిచింది, పొడవు 3,229 మీటర్లు. పైకప్పునుంచి కారే బొట్టు లోపలి గాలిలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలేసినప్పుడు, మోసుకొచ్చిన రాయిని అక్కడే వదిలిపెడుతుంది. ఇంట్లో నీళ్ళు కాచే రాగి కాగు అడుగున పేరుకునే తెల్లటి పెచ్చు కూడా అదే రాయి. ఆ పెచ్చు మందమైతే కట్టెలు ఎక్కువ కాలతాయి, ఎందుకంటే వేడి దాన్ని దాటి నీళ్ళకు అందదు. చింతపండు పులుసు పోసి రాత్రంతా ఉంచితే బుసబుసమని ఊడి వచ్చేది. వంటింటి బండను పాడుచేసిన ఆ పులుసే ఇక్కడ పనికొచ్చేది.

ఇప్పుడు పాత గోడ ముట్టుకునేవాళ్ళకు

ఆ రాయినే ఇప్పుడు మట్టితో కలిపి సుమారు 1,450 డిగ్రీల దాకా కాల్చి సిమెంటు చేస్తున్నారు. కొత్త కట్టడాలకు అది సరే. పాత సున్నపు గోడకు మాత్రం పైన సిమెంటు పూయొద్దని ఎవరికైనా చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. సున్నపు గోడ నేలనుంచి చెమ్మ పీల్చి గాలికి వదులుతూ బతుకుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ వెనకాలే ఆగి, దాంతో వచ్చిన లవణాలు స్ఫటికాలు కట్టి లోపలి మెత్తటి గచ్చును పొడిచేస్తాయి. నాలుగైదేండ్లకు సిమెంటు పెచ్చు గట్టిగానే ఊడుతుంది, దాని వెనక అంటుకుని సగం గోడ వస్తుంది.

ఊడిన చోట వదులుగా ఉన్నదంతా గీకి, గోడను రెండు రోజులు తడపాలి. నానిన సున్నం, కడిగిన గరుకు ఇసుక వాడాలి, ఉప్పు నీటి ఇసుక వద్దు. ఒక్కో పూత సెంటీమీటరు మందం దాటకూడదు. దాటితే పైన బిగిసి లోపల పచ్చిగా ఉండి పగుళ్ళు ఇస్తుంది. మొదటి పూత గోటితో గీస్తే గీత పడి, వేలితో నొక్కితే దిగని స్థితికి వచ్చాకే రెండోది వేయాలి. ఎండ తగలకుండా గోనెపట్టాలు తడిపి కనీసం వారం రోజులు కప్పి ఉంచాలి. పూత లోపలి దాకా గట్టిపడిందో లేదో తెలియాలంటే చిన్న ముక్క విరిచి, విరిగిన వైపు ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీరంగుకు మారే ద్రావణం) చుక్క వేసి చూడొచ్చు. గులాబీరంగు వచ్చిన మేర ఇంకా రాయిగా మారని సున్నమే ఉన్నట్టు, అంతవరకు దాని మీద ఏ రంగూ వేయకూడదు.